గాడిద పెదవి చెప్పిన సాక్ష్యం

1677 డిసెంబరులో పారిస్‌లోని ఇంగ్లండు రాయబారి ఇంటికి జాన్ లాక్‌ను పిలిపించారు. తత్వవేత్తగా లోకానికి తెలిసిన లాక్ వైద్యం కూడా చదివినవాడు. రాయబారి భార్య, నార్తంబర్లాండ్ కౌంటెస్, ముఖంలో ఒక పక్క నొప్పితో అల్లాడిపోతోంది. ఉన్నట్టుండి నిప్పు మెరిసినట్టు దూసుకొచ్చే నొప్పి. అది వచ్చినప్పుడల్లా మూతి చెవివైపు గుంజుకుపోయేది. కాసేపటికి ఆగి, మళ్ళీ మొదలయ్యేది. లాక్ తను చూసినదంతా ఇంగ్లండులోని వైద్య మిత్రులకు ఉత్తరాల్లో వివరంగా రాశాడు, సలహా అడిగాడు, విరేచనాలకు మందులిచ్చాడు. ఆ వర్ణన ఇవాళ ఏ న్యూరాలజిస్టుకు చూపించినా ట్రైజెమినల్ న్యూరాల్జియా అని వెంటనే చెప్పేస్తారు. మన ఊళ్ళలోనూ ఈ నొప్పి పట్టుకున్నవాళ్ళు చాలామంది మొదట పళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్తారు. ఒకటి రెండు మంచి పళ్ళు ఊడగొట్టించుకున్నాక గాని అసలు సంగతి బయటపడదు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే జబ్బు ఇంకొకటుంది. పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే మూతి వంకర పోయి ఉంటుంది. పుక్కిలించబోతే నీళ్ళు ఒక పక్కనుంచి కారిపోతాయి. కన్ను మూతపడదు. కానీ చెంప మీద చీమ పాకినా తెలుస్తుంది. ఆయుర్వేద గ్రంథాలు దీన్ని అర్దితం అన్నాయి. మొదటి జబ్బులో ముఖం కదులుతుంది గాని నొప్పితో చంపుతుంది. రెండోదాంట్లో తాకితే తెలుస్తుంది గాని కదలదు. ఈ రెండు జబ్బుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ముఖానికి స్పర్శ తెచ్చే దారి, కదలిక తెచ్చే దారి వేరువేరని తట్టాలి. ఎదురుగా అంత సాక్ష్యం ఉన్నా ఆ మాట రుజువు కావడానికి 1822 దాకా పట్టింది. ఎందుకంత ఆలస్యమైంది, చివరికి ఎవరు విప్పారు అన్నదే ఇక్కడి చిక్కుముడి. రెండో ప్రశ్నకు పాఠ్యపుస్తకాల్లో కనిపించే జవాబు సరైనది కాదని నా నమ్మకం. అందుకే ఆధారాలు ఒక్కొక్కటిగా తీసి చూద్దాం.

మొదటి ఆధారం ఆపరేషన్ బల్ల మీద దొరుకుతుంది. 1756లో ఫ్రాన్సులోని వెర్సాయ్‌లో నికోలా ఆంద్రే అనే శస్త్రవైద్యుడు ఈ నొప్పికి పేరు పెట్టాడు. కంటి కింద చెంప ఎముకలోని రంధ్రం గుండా బయటికొచ్చే నరాన్ని దాహకాలతో కాల్చి నాశనం చేసి కొందరికి ఉపశమనం తెచ్చాడు. 1773లో లండన్‌లో జాన్ ఫాదర్‌గిల్ అదే నొప్పిని చక్కగా వర్ణించాడు గాని, దీనికి క్యాన్సరుతో సంబంధం ఉందేమోనని అనుమానించాడు. తర్వాతి శస్త్రవైద్యుల్లో కొందరు ఇంకో నరం మీద కత్తి పెట్టారు. చెవి కింద బయటికొచ్చి, అక్కడినుంచి నుదురు, చెంప, పెదవి, గడ్డం దాకా విసనకర్రలా విచ్చుకునే నరం అది. ముఖమంతా పరుచుకున్న నరాన్ని కోస్తే ముఖమంతటా నొప్పి పోవాలి కదా అన్నది వాళ్ళ లెక్క. నొప్పి వచ్చినప్పుడు ముఖం గుంజుకుపోవడం కూడా వాళ్ళను ఆ నరంవైపే లాగి ఉంటుంది. కోశారు. మూతి వంకర పోయింది. నొప్పి మాత్రం కొంచెమైనా తగ్గలేదు.

ఆ రోగులను తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మత్తుమందు లేని కాలం. ఈథర్ ఆపరేషన్ గదిలోకి వచ్చింది 1846లో. అంత బాధ ఓర్చుకుని కోయించుకుంటే ఉన్న జబ్బు పోలేదు సరికదా, కొత్త జబ్బు తోడైంది. ఆ ఓడిపోయిన ఆపరేషన్లే చిక్కుముడి తాలూకు మొదటి కొస. ఒక నరం కాలిస్తే నొప్పి తగ్గుతోంది, ఇంకోటి కోస్తే కదలిక పోతోంది. కానీ నరాలన్నీ ఒకేలా పనిచేస్తాయి, తెలియజేయడమూ కదిలించడమూ రెండూ ప్రతి నరానికీ ఉంటాయి అని నమ్మేవాళ్ళకు ఈ తేడా శస్త్రవైద్యుడి దురదృష్టంలా తోచిందే తప్ప ప్రకృతి చెబుతున్న మాటలా వినిపించలేదు.

మరి నరాల పటం అప్పటికి లేదా అంటే, ఉంది. రెండో శతాబ్దంలోనే గాలెన్ మెదడునుంచి వచ్చే నరాలను ఏడు జతలుగా లెక్కపెట్టాడు. అరుస్తున్న పంది గొంతులో ఒక సన్నని నరం కోసి, నలుగురిలో దాని అరుపు ఆపి చూపించాడు. 1664లో ఆక్స్‌ఫర్డ్‌లో థామస్ విల్లిస్ మెదడు అడుగుభాగాన్ని అంతకుముందెవరూ చూపనంత స్పష్టంగా అచ్చులో చూపించాడు. ఆ పుస్తకానికి బొమ్మలు వేసినవారిలో క్రిస్టఫర్ రెన్ ఉన్నాడు, తర్వాత లండన్ సెయింట్ పాల్ కెథడ్రల్ కట్టిన రెన్. విల్లిస్ తొమ్మిది జతలన్నాడు. ఆయన ఏడో జతలో రెండు భాగాలు: ఒకటి గట్టిది, ఒకటి మెత్తది. మెత్తది చెవిలోకి పోయి వినికిడి తెస్తుంది. గట్టిది చెవి ఎముక తొలుచుకుని ముఖం మీదికొస్తుంది. 1778లో గొట్టింగెన్‌లో జోమరింగ్ అనే జర్మన్ యువకుడు తన సిద్ధాంత వ్యాసంలో వీటిని విడదీసి పన్నెండు జతలుగా నిలబెట్టాడు. ఇవాళ మన ఇంటర్ విద్యార్థులు బట్టీ పట్టే లెక్క అదే. వాటిలో వాసనదీ చూపుదీ నిజానికి మెదడే బయటికి సాగిన భాగాలు. మిగతా పదీ, వెన్నుపామునుంచి వచ్చే 31 జతలూ కలిస్తేనే పరిధీయ నాడీవ్యవస్థ అంటాం.

అంటే పద్దెనిమిదో శతాబ్దం ముగిసేసరికి ఏ నరం ఎక్కడ పుట్టి ఎక్కడ ముగుస్తుందో తెలుసు. ఎందుకు పోతుందో తెలియదు. ముఖం విషయంలో ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అయిదో నాడి మూడు పాయలై నుదురు, చెంప, దవడలకు పోతుంది. ఏడో నాడీ, అంటే ఆ గట్టి భాగం, అక్కడికే పోతుంది. ఒకే పెదవికి రెండు నరాలు దేనికి?

ఈ ప్రశ్నను పట్టుకుని వదలనివాడు చార్లెస్ బెల్. 1774లో ఎడిన్‌బరోలో పుట్టాడు. శస్త్రవైద్యుడు, అంతకుమించి చిత్రకారుడు. 1804లో లండన్ చేరి, 1806లో చిత్రకారుల కోసం ముఖభావాల శరీరశాస్త్రం మీద పుస్తకం రాశాడు. కోపంలో ఏ కండరం ముడుచుకుంటుంది, ఏడుపులో పెదవి మూల ఎటు జారుతుంది అని ఏళ్ళ తరబడి గీసినవాడికి ముఖానికి రెండు నరాలెందుకన్న సందేహం రాకుండా ఎలా ఉంటుంది? 1811లో ఆయన మెదడు గురించి తన కొత్త ఆలోచనను చిన్న పుస్తకంగా ఓ వంద ప్రతులు సొంతంగా అచ్చు వేయించి మిత్రులకు పంచాడు. మన కథలో అత్యంత ముఖ్యమైన కాగితం అదే. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి పదేళ్ళు ముందుకు వెళ్దాం. గాడిదలు అక్కడున్నాయి.

1821 జులై 12న లండన్ రాయల్ సొసైటీలో బెల్ పత్రం ఒకటి చదివారు. అందులోని మొదటి ప్రయోగంలో ఒక గాడిదను పడవేసి, కొద్ది క్షణాలు ముక్కు మూసి ఉంచి, అది రొప్పుతూ ముక్కుపుటాలు ఎగరేసేలా చేశారు. అప్పుడు ఒక పక్క ఏడో నాడి కోశారు. ఆ పక్క ముక్కుపుటం ఆ క్షణమే ఆగిపోయింది. రెండో పక్కది ఊపిరితో పాటు విచ్చుకుంటూ ముడుచుకుంటూనే ఉంది. ఇంకో సంగతి కూడా బెల్ గమనించి రాశాడు. నరం తెగుతున్నప్పుడు గాడిద గింజుకోలేదు, నొప్పి పుట్టిన జాడే లేదు.

రెండో ప్రయోగంలో అయిదో నాడి పాయ. కంటి కింద రంధ్రంనుంచి పై పెదవికి వచ్చేది, ఆంద్రే కాల్చింది కూడా అదే. దాన్ని తాకితేనే గాడిద విలవిల్లాడింది. కోశాక ముక్కుపుటం కదలిక ఏమీ మారలేదు. కానీ పెదవి ఆ పక్క వేలాడింది. రెండో పక్క కూడా కోసి గాడిదను వదిలారు. ముందు గింజలు పోస్తే అది పెదవి చాపి అందుకోలేకపోయింది. మూతిని నేలకేసి నొక్కి, చివరికి నాలుకతో గింజలు నాకి తింది.

ఇక్కడ ఆగి పాఠకులు కూడా బెల్ స్థానంలో నిలబడి ఆలోచించమని అడుగుతున్నాను. కళ్ళ ముందున్న వాస్తవాలు నాలుగు. ఏడోది కోస్తే నొప్పి లేదు, కదలిక పోయింది. అయిదోది తాకితే ప్రాణం పోయే నొప్పి, కోస్తే పెదవి మేతకు సాగలేదు. మొదటి మూడూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. నాలుగోదే అడ్డం తిరుగుతోంది. బెల్ ఆ నాలుగోదాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నాడు. అయిదో నాడి స్పర్శకూ, తిండికి కావలసిన కదలికకూ పనిచేస్తుందనీ, ఏడో నాడి ఊపిరితో ముడిపడ్డ కదలికలకు పనిచేస్తుందనీ తేల్చాడు. ఏడోదాన్ని ముఖపు శ్వాస నాడి అన్నాడు. నవ్వు, ఏడుపు, నిట్టూర్పు, తుమ్ము అన్నీ ఊపిరితో కలిసినవే కాబట్టి ముఖభావాలన్నీ దాని చేతిలోనే అన్నాడు. అందమైన ఆలోచన. చిత్రకారుడికి రావలసిన ఆలోచన. కానీ తప్పు.

దాన్ని సరిదిద్దినవాడు హెర్బర్ట్ మేయో. 1796లో పుట్టాడు, కుర్రతనంలో బెల్ దగ్గరే శిష్యరికం చేశాడు. 1822లో అచ్చయిన తన వ్యాఖ్యానాల్లో అవే నరాలు, అవే గాడిదలు. మేయో అడిగిన ప్రశ్న మాత్రం వేరు. గాడిద పెదవి చాపలేకపోయిందా, చాపలేదా? పెదవికి స్పర్శ పోయింది. గింజ తగిలినా తగిలినట్టు తెలియదు. తెలియనిదాన్ని అందుకోవడానికి పెదవి ఎందుకు సాగుతుంది? కండరాల్లో బలం అలాగే ఉంది, పనికి పిలుపే రాలేదు. ఏడో నాడి కోసినప్పుడు మాత్రం కండరాలే చచ్చుబడ్డాయి, స్పర్శ చెక్కుచెదరలేదు.

శరీరశాస్త్రం కూడా మేయోకు సాక్ష్యం చెప్పింది. అయిదో నాడి మెదడునుంచి రెండు వేళ్ళతో బయలుదేరుతుంది. లావుపాటి వేరు ఒక పెద్ద ముడిలోకి దూరి మూడు పాయలవుతుంది. వియన్నాలో గాసర్ అనే అధ్యాపకుడి పేరు ఆ ముడికి 1765లో ఆయన శిష్యుడు హిర్ష్ పెట్టాడు. సన్నపాటి వేరు ఆ ముడిలోకి వెళ్ళకుండా కిందుగా జారి, మూడో పాయలో కలిసి, నమిలే కండరాలకు పోతుంది. పళ్ళు బిగించి కణత మీద వేలు పెడితే ఉబ్బే కండరం, దవడ మూల దగ్గర గట్టిపడే కండరం దాని కిందివే. కంటి కింద పాయలో ఆ సన్నవేరు పోగులు లేవు. కాబట్టి ఆ పాయ కోస్తే పోయేది స్పర్శే. తిండికి కావలసిన కదలిక అయిదో నాడిలో ఉందన్న బెల్ మాట పూర్తిగా అబద్ధం కాదు, కాకపోతే అది దవడ కదలిక, పెదవిది కాదు.

తర్వాతి కాలంలో బెల్ స్వయంగా రాసిన ఒక రోగి సంగతి మేయో వాదానికి నిలువెత్తు సాక్ష్యంగా నాకు కనబడుతుంది. ఒకాయన కింది దవడ పన్ను పీకించుకుంటుంటే పెదవికి పోయే స్పర్శ నాడి దెబ్బతింది. నోరు పుక్కిలించడానికి గాజు గ్లాసు ఇస్తే పెదవికి ఆనించుకుని, పగిలిన గ్లాసు ఇచ్చారేమిటన్నాడు. గ్లాసు పగలలేదు. పెదవిలో సగానికి అది తగలలేదు, అంతే. గాడిదకు మాటలొస్తే చెప్పేదీ అదే.

ఇక పక్కన పెట్టిన 1811 కాగితం తీద్దాం. అందులో బెల్ వెన్నుపాము నరాల మూలాల గురించి రాశాడు. ప్రతి వెన్ను నాడికీ రెండు వేళ్ళు, ముందొకటి, వెనకొకటి. వెనక వేరు కోస్తే వీపు కండరాలు కదల్లేదు. ముందు వేరును కత్తి మొనతో తాకగానే అవి ఎగిరిపడ్డాయి. ఇంత స్పష్టంగా చూసినవాడు ముందువి కదలికకు, వెనకవి స్పర్శకు అనే మాట ఎందుకు అనలేదు? ఆ చిన్న పుస్తకంలో ఆ మాట ఎక్కడా లేదు. ముందు వేళ్ళు పెద్దమెదడుతో కలిసి తెలివికీ స్పర్శకూ కదలికకూ అన్నిటికీ, వెనక వేళ్ళు చిన్నమెదడుతో కలిసి శరీరం తనంతట తాను నడుపుకునే రహస్య వ్యాపారాలకూ అన్నది ఆయన సిద్ధాంతం.

కారణం ఆ ప్రయోగానికి వాడిన కుందేలు స్థితిలో దొరుకుతుంది. మొదట బతికున్న కుందేలు వెన్ను తెరిచాడు. ఆ హింస చూడలేక మళ్ళీ చేయలేకపోయాడు. తర్వాత కుందేలును చెవి వెనక కొట్టి స్పృహ తప్పించి, అప్పుడు వేళ్ళు తాకి చూశాడు. స్పృహ లేని జంతువు కండరం కదులుతుంది గాని దానికి నొప్పి తెలియదు. స్పర్శ ఉందో పోయిందో ఆ కుందేలును అడగడానికి వీల్లేదు. బెల్ దయే ఆయనకు సగం సమాధానాన్ని మూసేసింది. 1822లో అన్నకు రాసిన ఉత్తరంలో కూడా ఈ క్రూరత్వానికి తనకు ప్రకృతిలో గాని మతంలో గాని అధికారం ఉందని నమ్మలేకపోతున్నానన్న బాధ ఉంది. ఆ ఉత్తరం చదివాక ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. సమాధానం మాత్రం వేరేవాళ్ళ చేతికే చిక్కింది.

చిక్కించుకున్నది ఫ్రాన్స్వా మజాండీ. 1783లో బోర్డోలో పుట్టాడు, పారిస్‌లో ప్రయోగశాస్త్రానికి పెద్ద. సిద్ధాంతాల మీద నమ్మకం లేదు, కత్తి మీదా కంటి మీదా మాత్రమే ఉంది. 1821లో బెల్ బావమరిది, శిష్యుడు అయిన జాన్ షా పారిస్ వెళ్ళి ముఖ నరాల ప్రయోగాలు ఆయనకు చేసి చూపించాడు. మరుసటేడు మజాండీ చేతికి ఆరు వారాల వయసున్న ఎనిమిది కుక్కపిల్లల ఈత ఒకటి వచ్చింది. ఆ వయసులో వెన్నెముక మెత్తగా ఉంటుంది, వెన్నుపాముకు దెబ్బ తగలకుండా తెరవచ్చు. వెనక వేళ్ళు కోశాడు. పిల్ల కాలు చచ్చిందనుకున్నాడు. గిచ్చినా, పొడిచినా దానికేమీ తెలియలేదు. అంతలో ఆ కాలు కదిలింది. ముందు వేళ్ళు కోయడం కష్టమైన పని, అదీ చేశాడు. ఈసారి కాలు జారిపడి కదలకుండా ఉండిపోయింది, గిచ్చితే మాత్రం పిల్ల స్పందించింది. తర్వాత ముష్టి గింజల విషంతో ఇంకో పరీక్ష పెట్టాడు. ఆ విషం ఒళ్ళంతా కొయ్యబారేలా మూర్ఛలు తెస్తుంది. ముందు వేళ్ళు తెగిన కాలికి మాత్రం మూర్ఛ రాలేదు. 1822లో తన పత్రికలో మూడు నాలుగు పేజీల్లో ఈ సంగతి అచ్చు వేశాడు. వెనక వేళ్ళు ప్రత్యేకించి స్పర్శకు, ముందు వేళ్ళు ప్రత్యేకించి కదలికకు అన్నాడు.

కుక్కపిల్లల గురించి రాయడం సులభం కాదు. అప్పుడూ జనానికి అది మింగుడుపడలేదు. 1824లో మజాండీ లండన్ వచ్చి కుక్కల మీద ప్రదర్శనలిచ్చాక, 1825లో బ్రిటిష్ పార్లమెంటులో రిచర్డ్ మార్టిన్ ఆయనను పేరు పెట్టి ఖండించాడు. ఆ ఖండనలో న్యాయముందని నేననుకుంటాను. ఇవాళ వెన్ను శస్త్రచికిత్సలో ఏ వేరు తాకితే ఏమవుతుందో తెలిసి కోసే సర్జను ఆ ఎనిమిది పిల్లలకు బాకీ పడే ఉన్నాడన్నదీ నిజమే.

మజాండీ పత్రం అచ్చయ్యాక లండన్‌నుంచి షా 1811 నాటి చిన్న పుస్తకం పారిస్‌కు పంపించాడు, ఇది మా బెల్ ముందే కనిపెట్టాడని. మజాండీ దాన్ని దాచిపెట్టలేదు. అందులోని సంబంధిత భాగాన్ని తన పత్రికలోనే అచ్చు వేసి, బెల్ తన ఆవిష్కరణకు చాలా దగ్గరగా వచ్చాడనీ, వేళ్ళు కోసి చూడాలన్న ఆలోచన ఆయనకు ముందే వచ్చిందనీ ఒప్పుకున్నాడు. రెండు వేళ్ళకూ వేరువేరు పనులని తేల్చింది మాత్రం తనేనన్నాడు. నాకు ఇది నిజాయితీగల లెక్కలా కనబడుతుంది.

చివరి ఆధారం నరాల్లో లేదు, అచ్చు కాగితంలో ఉంది. 1824లో బెల్ తన రాయల్ సొసైటీ పత్రాలను ఒక పుస్తకంగా మళ్ళీ అచ్చు వేయించాడు. 1821 పత్రం కూడా అందులో ఉంది. ఆ రెండు అచ్చుల్నీ పక్కపక్కన పెట్టి చదివితే కొన్నిచోట్ల వాక్యాలు మారి ఉంటాయి. ఈ మధ్యలో మేయో, మజాండీ చెప్పినదానికి సరిపడేలా, స్పర్శ ఒకదానికి కదలిక ఇంకోదానికి అన్న తేడా మొదటినుంచీ బెల్ మనసులో ఉన్నట్టు తోచేలా మార్పులున్నాయి. అసలు 1811 పుస్తకం ప్రతులు వందే కాబట్టి, 1821 నాటి సంపుటి తీసి పోల్చే ఓపిక చాలామందికి ఉండదు కాబట్టి, తర్వాతి తరాలు 1824 పుస్తకాన్నే నమ్మాయి. బెల్ బంధువర్గం, ముఖ్యంగా షా తమ్ముడు అలెగ్జాండర్, ఆయన తరఫున గట్టిగా వాదించారు. అమెరికాలో ఆస్టిన్ ఫ్లింట్ 1868లో ఆ తేడాలను బయటపెట్టాడు. 1974లో పాల్ క్రేన్‌ఫీల్డ్ అసలు పత్రాలన్నిటినీ ఒకేచోట పునర్ముద్రించి ఎవరికివారు పోల్చి చూసుకునే వీలు కల్పించాడు. పోల్చి చూస్తే అనుమానానికి తావు లేదు.

నా తీర్పు ఇది. ముఖానికి రెండు నరాలు రెండు పనుల కోసమన్న ప్రశ్నను లేవనెత్తి, ప్రయోగంతో తేల్చుకోవాలన్నవాడు బెల్. ముఖం ముడిని సరిగ్గా విప్పినవాడు మేయో. ఒళ్ళంతటికీ వర్తించే సూత్రాన్ని రుజువు చేసినవాడు మజాండీ. పాఠ్యపుస్తకాల్లో బెల్-మజాండీ సూత్రం అని జంటపేరు ఉంది. 1831లో బాన్‌లో యోహానెస్ ముల్లర్ కప్పల మీద అదే ప్రయోగం చేశాడు. కప్పకు వెన్నెముక తెరవడం సులువు, తెరిచినా చాలాసేపు బతుకుతుంది. ఆ ప్రయోగంతో మిగిలిన సందేహాలు కూడా పోయాయి. మేయో పేరు మాత్రం ఏ సూత్రానికీ రాలేదు. 1824 అచ్చులో వాక్యాలు మార్చకుండా శిష్యుడి దిద్దుబాటును బెల్ పేరుపెట్టి ఒప్పుకుని ఉంటే ఆయన ఖ్యాతికి వచ్చే లోటేమీ లేదు. ఆయన అసలు గొప్పతనం వేరేచోట ఉంది.

అది రోగుల్లో ఉంది. గాడిదల్లో తప్పిన గురి మనుషుల్లో తప్పలేదు. ఎద్దు కొమ్ము దవడ మూల దగ్గర దిగి ఏడో నాడి తెగిపోయిన మనిషిని బెల్ చూశాడు. చెవి దగ్గర పుండుతో సగం ముఖం నవ్వనివాణ్ణి చూశాడు. వాళ్ళకు తాకితే తెలుస్తోంది, కదల్చలేకపోతున్నారు. కన్ను మూయబోతే రెప్ప వాలకుండా కనుగుడ్డు మాత్రం పైకి తిరిగి తెల్లగా కనబడటం కూడా ఆయన గమనించాడు. 1798లోనే జర్మనీలో ఫ్రీడ్రైక్ ఈ జబ్బును వర్ణించాడు గాని, ఏ నరం చెడితే ఇలా అవుతుందో చూపినవాడు బెల్ కాబట్టి దీన్ని బెల్స్ పాల్సీ అంటున్నాం. నొప్పికి ఏడో నాడి కోయడం కూడా ఈ జ్ఞానంతోనే ఆగింది. తర్వాతి శస్త్రవైద్యులు అయిదో నాడివైపు తిరిగారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి గాసర్ ముడి దాకా వెళ్ళారు. 1960ల్లో కార్బమజెపైన్ మాత్ర వచ్చాక చాలామందికి కత్తి అవసరమే లేకపోయింది. మందుకు లొంగని వాళ్ళలో అయిదో నాడి వేరును నొక్కుతున్న చిన్న రక్తనాళాన్ని పక్కకు జరిపే ఆపరేషన్‌ను అమెరికాలో పీటర్ జానెటా అదే దశకంలో స్థిరపరిచాడు. లాక్ చూసిన నొప్పికి ఎక్కువమందిలో కారణం ఆ నొక్కుడే.

మూతి వంకర పోయినవాళ్ళను ఇవాళ డాక్టరు మొదట అడిగేది కనుబొమలు ఎగరేయమని. బెల్ కాలానికి తెలియని మెలిక ఒకటి అక్కడుంది. నుదుటి కండరాలకు మెదడు రెండు పక్కలనుంచీ ఆజ్ఞలొస్తాయి, ముఖం కింది సగానికి ఎక్కువగా ఎదుటి పక్కనుంచే వస్తాయి. అందుకే మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే మూతి వంకర పోయినా నుదురు ముడతలు పడుతుంది. నరమే చెడితే నుదురు కూడా నున్నగా ఉండిపోతుంది. ఇంటి దగ్గర ఈ తేడా చూసుకుని ధైర్యం తెచ్చుకోవడం మాత్రం ప్రమాదం. పక్షవాతంలో ప్రతి నిమిషమూ విలువైనదే, బెల్స్ పాల్సీలో కూడా స్టెరాయిడ్ మాత్రలు మొదటి 72 గంటల్లో మొదలుపెడితేనే మేలు. నాటువైద్యం కోసం ఊళ్ళు తిరిగి వారం తర్వాత ఆస్పత్రికి వచ్చేవాళ్ళు పోగొట్టుకునేది ఆ మూడు రోజులనే.

ఒక పోగు మాత్రం ఇంకా మిగిలింది. ఏడో నాడి కేవలం కదలికకే అని మేయో కాలంలో తేలింది కదా. కానీ దానితో పాటే ఒక సన్నని నరం ఎముక సొరంగంలో నడుస్తుంది. నాలుక ముందు భాగపు రుచి, కన్నీటికి ఆజ్ఞలు, కొంత లాలాజలం దానివే. అందుకే బెల్స్ పాల్సీ వచ్చినవాళ్ళలో కొందరు నాలుక ఒక పక్క రుచి పోయిందంటారు. ఇంకొందరికి ఆ చెవిలో మామూలు శబ్దాలు కూడా బాకా ఊదినట్టు వినబడతాయి, ఎందుకంటే చెవిలోపల శబ్దాన్ని తగ్గించే అతిచిన్న కండరం కూడా ఏడో నాడి కిందిదే. 1907లో న్యూయార్క్‌లో జేమ్స్ రామ్సే హంట్ మూతి వంకర పోయిన కొందరు రోగుల చెవి గుంటలో పొక్కులు చూశాడు. ఆటలమ్మ తెచ్చే వైరస్సే, ఏళ్ళ తర్వాత మళ్ళీ లేచినది. ఆ వైరస్ దాక్కునేది స్పర్శ నాడుల ముళ్ళలో. చెవి గుంటలో పొక్కులు లేచాయంటే అక్కడి చర్మానికి స్పర్శ తెచ్చే పోగులు ఏడో నాడిలో కొన్ని ఉండి తీరాలని హంట్ వాదించాడు. ఉన్నాయి. అందుకే మూతి వంకరతో వచ్చిన మనిషిని పరీక్షించేటప్పుడు డాక్టరు చెవిలోకి కూడా టార్చి వేసి చూస్తారు.